మర చెయ్యి, మొండి మోకాలు

క్రిస్టియానా కొండల నుంచి

ప్రభువునందు సిస్టర్ టలక్ గారికి వందనములు.

మీ కింగ్‌స్టన్ ఆసుపత్రిలో నా కుడి మోకాలు కోసి కొత్తది పెట్టేది రోబో అట! డాక్టరు గారు పక్కన కూర్చుని టీ తాగుతారట! "మాంస సంబంధమైన బాహువే అతనికి అండ" అని వాక్యమెత్తి, ఆ చేతిని నమ్మవద్దని మూడు ఆదివారాలు గొంతు చించుకున్నాను. ఇరవై ఏళ్లు మోకాళ్లూని ప్రార్థించి అరగదీసుకున్న కీలు ఇది. ఇప్పుడు నిలబడే ప్రార్థిస్తుంటే సంఘం ముందు తల కొట్టేసినట్టుంది. ఒక్కటే చెప్పండి, మళ్లీ మోకరించగలనా?

మీ సహోదరుడు,
పాస్టర్ అల్ఫాన్సో పిన్నక్

తా.క. ఆ రోబో బాప్తిస్మం పొందినదేనా?

కింగ్‌స్టన్

బ్రదర్ పిన్నక్ గారికి నమస్కారం.

రంపం డాక్టరు గారి చేతిలోనే ఉంటుంది. స్కాన్ చూసి ముందే గీసిన హద్దు దాటబోతే మర చెయ్యి ఆపేస్తుంది. పైగా అది ఇనుప బాహువు, మాంసం కాదు. మీ వాక్యం దానికి తగలదు. మోకరించడం చాలామందికి కుదురుతుంది, నెలలు పడుతుంది. మేం సరేనన్నాకే చేయండి.

ఇట్లు,
నర్సు ఐవలీన్ టలక్

తా.క. స్కాన్ చూసి డాక్టరు గారు, "ఇది ప్రార్థనతో అరిగింది కాదే! దేన్నో దబదబా తొక్కి అరగదీశాడు" అన్నారు. ఏం తొక్కుతుంటారు మీరు?

క్రిస్టియానా

సిస్టర్ గారికి సిగ్గుతో వందనములు.

మీ తా.క.ను నా భార్య మెర్టెల్ గుడిలో పైకి చదివింది. జనం పగలబడి నవ్వారు. ప్రతి ఆదివారం వేదిక మీద సాతాను తల తొక్కేది ఆ కాలితోనే. ఇరవై ఏళ్లు తొక్కాను. వాడి తల చెక్కుచెదరలేదు, నా మోకాలే పోయింది. వస్తున్నాను, కోయండి.

సిగ్గుపడిన సేవకుడు,
పిన్నక్

తా.క. హద్దు దాటితే ఆపే మర ప్రసంగాలకు కూడా దొరుకుతుందేమో అడగమంది మెర్టెల్.

క్రిస్టియానా, ఎనిమిది నెలల తరువాత

సిస్టర్ గారికి కృతజ్ఞతతో.

మీరు సరేనన్నారు గనుక మొన్న ఆదివారం మోకరించాను. వంగింది! సంఘం హల్లెలూయా అని ఏడ్చింది. ఆమేన్ అని లేవబోతే లేవలేకపోయాను. పట్టుకుందామంటే ఏమీ లేదు, లేపండని అడగడానికి గర్వం అడ్డం. చేసేది లేక మళ్లీ ప్రార్థన ఎత్తుకున్నాను. రోగుల కోసం అయిపోయింది, యామ్ దుంపల తోటల కోసం అయిపోయింది, ప్రభుత్వం కోసం కూడా అయిపోయింది. ముప్పావు గంట! పరిశుద్ధాత్మ దిగివచ్చిందని తొమ్మిదిమంది ఏడుస్తూ ముందుకొచ్చారు. నేను ఏళ్ల తరబడి తిట్టిపోసిన రమ్ముకొట్టు కోల్‌బర్న్ నా పక్కనే మోకరించాడు. వాడి భుజం పట్టుకుని లేచాను. కోల్‌బర్న్ రక్షణ పొందాడని ఊరంతా అంటోంది. ఎవరు ఎవరిని రక్షించారో దేవునికీ, నాకూ, ఇప్పుడు మీకూ తెలుసు.

వంగిన మోకాలివాడు,
పిన్నక్

తా.క. వచ్చే ఆదివారం కూడా అలాగే ప్రార్థించమంటున్నారు. నేను మిమ్మల్ని మోకరించడం గురించే అడిగాను. లేవడం ఎలాగో శనివారంలోపు రాయండి.