కరుణ ఒప్పుకోలు కాగితం

బుధవారం రాత్రి

స్తోత్రం ప్రభువా, వెయ్యి స్తోత్రాలు! పదో తరగతి చదివే మా కరుణ చర్చి పిల్లలతో సేవకు కెన్యా పోతోంది. ఇంట్లో పొద్దంతా అక్కడి పాటలే. మా ఊరు ఖేడ్‌లో బజారంతా చెప్పుకొచ్చాను.

కానీ ఇవాళ పాస్టరయ్య ముందు పిల్లను పంపడానికి తండ్రి ఇచ్చే ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టే ముందు దాన్ని మూడుసార్లు చదివాను.

"ఏంది బాపూ, విమానం నువ్వు నడుపుతవా?" అని నవ్వింది కరుణ.

నేనూ నవ్వాను. దానికేం తెలుసు? ఏడాది పిల్లప్పుడు జ్వరంతో దవాఖానలో కళ్లు తేలేస్తే, "బతికిస్తే నీ సేవకిస్త" అని నీకు మాటిచ్చాను. బతికించావు.

సేవకే ఇచ్చాను ప్రభువా, నీ దగ్గరికి పిలుచుకొమ్మని కాదు. అప్పుడు ఏడుపులో విడమరచి చెప్పలేదు. ఇప్పుడు రాసిస్తున్నాను: పని కాగానే నా బిడ్డను ఇంటికి పంపించు.

కింద సంతకం పెడుతున్నాను. దీన్నీ మూడుసార్లు చదువుకున్నాను.