మీరడిగిన ల్యాబు తెరిచాను

సరోజక్కా,

మీరు పోయి ఈ రోజుకు ఏడాది. ఆరేళ్ల పాటు అర్జీలు పెట్టి మీరడిగిన ట్రేడింగ్ ల్యాబు మన యూనివర్సిటీకి వచ్చింది. పన్నెండు కంప్యూటర్లు, షేర్ల ధరలు కదిలే పెద్ద తెర. ఎవరో పెద్దమనుషులు వచ్చి రిబ్బను కత్తిరించి పోయారు. ఆ సాయంత్రం వేసిన తాళం మూడు నెలలైనా తీయలేదు.

పేపర్లో ధరలు చూసి మీరు బోర్డు మీద రాసి, ఎంబీఏ పిల్లల చేత ఉత్తుత్తి షేర్లు కొనిపించేవారు. ఇంత గది పెట్టుకుని నేనూ అదే చేస్తున్నాను. ఈ ఉదయం ఓపిక నశించి హెడ్డు దగ్గరికి వెళ్లాను.

"తాళం ఇస్తాలేప్పా. పిల్లోళ్లు ఏమన్నా చెడగొడితే ఎవురు జవాబుదారీ?" అన్నారాయన.

"నేనే సార్," అన్నాను. కాగితం మీద రాసిమ్మన్నారు. పాఠం చెప్పుకోవడానికి పూచీకత్తు రాసిచ్చాను.

తాళం తీసి పిల్లలను లోపల కూర్చోబెట్టాను. కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. సత్యవేడు నుంచి వచ్చిన కవిత ఉత్తుత్తి లక్షతో ఒకే కంపెనీ షేర్లు కొన్నది. గంటలో ఆరు వేలు పోయాయి.

"ఎందుకు పడింది సార్? నేను యాడ తప్పు చేసినాను?"

పుస్తకంలో ఉన్న రెండు కారణాలు చెప్పాను.

"అవి నేనూ సదివినాను సార్. ఈ పొద్దు ఎందుకు పడిందో సెప్పండి," అంది.

పదకొండు మంది పిల్లలు తమ తెరలు వదిలి నా వైపు తిరిగారు. రేపు చెబుతానన్నాను.

ఎవరినడిగి చెప్పాలక్కా?