ఎల్లమ్మ ఇంటి ఎలుక

నవంబర్ 4

బేగంబజార్‌లో ధాన్యం కొట్ల వెనక ఎలుకలు రాలుతున్నాయట. మళ్లీ ప్లేగు. సాయంత్రం వీధివాళ్లందరినీ బడి వరండాలో కూర్చోబెట్టాను. కమిటీ అన్నారు, కార్యదర్శి అన్నారు — వీధి మొత్తానికి నాలుగు ముక్కలు చదివినవాణ్ని నేనొక్కణ్నే, ఇంకెవరు దొరుకుతారు?

మూడే నియమాలు పెట్టాను. చచ్చిన ఎలుక కనబడితే ముట్టకూడదు, దాచకూడదు, నాకు చెప్పాలి. ఆ ఇల్లూ, దానితో గోడ కలిసిన ఇళ్లూ ఆ పూటే ఖాళీ చేసి మలక్‌పేట మైదానంలో సర్కారు వేయించిన గుడిసెలకు పోవాలి. ఆ ఇళ్ల బట్ట ఏదీ ఉడకబెట్టకుండా వీధి దాటకూడదు.

పాలమ్మే ఎల్లమ్మ లేచి అడిగింది. "మరి బర్రెలను ఏం జెయ్యాలె అయ్యా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎలుకను దాచినవాడు పక్కింటివాడి గొంతు కోసినట్టే అని గట్టిగా చెప్పాను. మా నాన్న అలాగే పోయాడు. పక్కింటివాళ్లు చచ్చిన ఎలుకను పెంటకుప్పలో పాతిపెట్టి నోరు మూసుకున్నారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ ఇంటి ముందు నుంచి పోతే ఇప్పటికీ ఉమ్మేస్తాను.

నవంబర్ 7

ఖాసిం భాయ్‌తో కలిసి ఇల్లిల్లూ తిరిగాను. దర్జీ, మా ఇంటికీ అతని ఇంటికీ నడుమ ఒకటే గోడ. నేను తెలుగులో చెప్పింది అతను ఉర్దూలో చెబుతాడు, నాకంటే తీయగా. "మాస్టర్ సాబ్ చెప్పిండంటే పత్థర్ కీ లకీర్, రాతి మీద గీత లెక్క" అంటాడు ప్రతి గడపలోనూ.

కంసాలి మాత్రం తలుపు సగమే తీశాడు. నగల పెట్టె వదిలి ఎక్కడికీ రాడట. పెట్టెతో సహా పూడ్చిపెడతారులే అన్నాను. ముఖం మాడిపోయింది. హాయిగా అనిపించింది.

నవంబర్ 11

కమలకు మగపిల్లవాడు.

మాకు ముగ్గురు పోయాక వీడు. ఏడ్చాడు, గట్టిగా, గోడలు అదిరేలా. నేనూ ఏడ్చాను.

నవంబర్ 14

ఈల ఊదితే అరగంటలో మూటలు కట్టుకుని వీధి మొదట్లోకి రావాలి — ఇవాళ చేయించి చూశాను. అందరికంటే ముందు ఎల్లమ్మ. బర్రెలతో, పిల్లులతో, చంటిబిడ్డను ఎత్తుకున్న కూతురితో. కంసాలి గంట తర్వాత వచ్చాడు. మొత్తానికి వీధి మాట వింటోంది. సంతోషం.

ఖాసిం భాయ్ పిల్లాడికి బొంత కుట్టి తెచ్చాడు. దుకాణంలో మిగిలిన గుడ్డపేలికలన్నీ కలిపి. "తుక్డా తుక్డా జోడించిన. మెత్తగ ఉంటది చూడుండ్రి." కమల అప్పుడే పిల్లాణ్ని చుట్టేసింది.

నవంబర్ 19

మధ్యాహ్నం. బియ్యం కాగు వెనక.

ఒకటి. నోరు తెరుచుకుని, ముక్కు దగ్గర నెత్తురు.

కమల, పిల్లాడు నిద్రలో ఉన్నారు. పుట్టి ఎనిమిది రోజులు. చెబితే సాయంత్రానికల్లా ఇద్దరినీ తాటాకు గుడిసెలో మట్టి మీద పడుకోబెట్టాలి. మైదానం మీద గాలి... మూడోవాడు ఇలాంటి చలిలోనే పోయాడు, మూల గదిలో, కుంపటి పక్కన కూడా ఆగలేదు. వీణ్ని ఇవ్వను. ఏ నియమానికీ ఇవ్వను.

అదే రోజు, పొద్దు వాలుతుండగా

పట్టకారుతో తీసి ముడిచిన గొడుగులో వేశాను. ఎల్లమ్మ పాలు పోయడానికి పోయింది, కూతురు బావి దగ్గర ఉంది. తలుపు దగ్గరికి వేసి ఉంది. గడ్డిమోపు పక్కన దులిపి వచ్చాను. ఎంతసేపు... గుక్కెడు నీళ్లు తాగినంతసేపు.

వీధిలో ఎలుక పడిందని అందరికీ తెలియాలి, మా ఇంట్లో అని మాత్రం తెలియకూడదు. ఆమె ఇల్లే ఎందుకు? ఎదురు వరస కాబట్టి. ఆమె గోడకు నా గోడ కలవదు. నేను పెట్టిన నియమం ప్రకారమే నా ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు.

ఆమె కూతురూ బాలింతే. తెలుసు. దులపక ముందూ తెలుసు.

ఖాసిం భాయ్ అరుగు మీద మిషన్ తొక్కుతూ తలెత్తాడు. "వానేది మాస్టర్ సాబ్? ఛత్రీ దేనికి?"

ఎండ అన్నాను.

నవంబర్ 20

తెల్లారకముందే ఎల్లమ్మ నా గడప ముందు నిలబడింది. దాచిపెట్టొచ్చు కదా! దాచలేదు.

"మీరు జెప్పినట్టే ముట్టలే అయ్యా. గాని నా ఇంట్ల రెండు పిల్లులున్నయ్. ఎలుక మొకం జూసి ఏండ్లయింది. గిదెట్లొచ్చె?"

జనం నా వైపు చూశారు. పిల్లులే ఎక్కడినుంచో కరుచుకొచ్చి ఉంటాయి అన్నాను. నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో. పంతులు బుర్రే బుర్ర అన్నాడు కంసాలి.

మధ్యాహ్నానికి రెండు పిల్లులనూ కట్టెలతో కొట్టి చంపారు. ఒకటి మా అరుగు కిందికి దూరింది. తోక పట్టి లాగారు. నేను అక్కడే నిలబడ్డాను.

ఎల్లమ్మ తలుపు మీద ఎర్ర జాజుతో గుర్తు వేశాను. నా చేత్తోనే. పెంకులు దించారు, ఎండ పడాలని. బర్రెలను గుడిసెల దగ్గరికి రానివ్వరు. పక్క వీధివాడు తోలుకుపోయాడు. అవి వెనక్కి తిరిగి అరుస్తుంటే ఎల్లమ్మ చెవులు మూసుకుంది. కూతురు బండిలో కూర్చుని బిడ్డకు కొంగు కప్పింది. "చలి జూడు అమ్మా" అంటోంది. అటూ ఇటూ ఇళ్లవాళ్లు బండి ఎక్కుతూ ఎల్లమ్మను పచ్చి బూతులు తిట్టారు. ఆమె వల్లే వాళ్లకు ఈ కష్టమట. నేను మాత్రం తిట్టలేదు.

నవంబర్ 22

ఇంకొకటి. స్నానాలగదిలో. పొయ్యిలో వేశాను.

"గీ వాసనేందండి?" కమల.

పిడక పచ్చిది అన్నాను.

నవంబర్ 25

ప్లేగు డాక్టరు వచ్చి చూసి నా వీపు తట్టాడు. పట్నంలో ఇంత కట్టుబాటుగా ఉన్న వీధి ఇంకోటి లేదట. మన నియమాలు తక్కిన వీధులకు కూడా పంపిస్తారట. ఖాసిం భాయ్ మురిసిపోయి అందరికీ చాయ్ పోయించాడు.

రెండు గుక్కలు తాగాను. బాగానే ఉంది.

నవంబర్ 27

ఖాసిం భాయ్ మిషన్ చప్పుడు లేదు. జ్వరమట.

నవంబర్ 29

చంకలో గడ్డ లేచింది.

గడప దాకా పోయాను, లోపలికి పోలేదు. నన్ను చూసి లేవబోయాడు. "మాస్టర్ సాబ్... ఆ దినం మీ ఛత్రీల ఏముండె?"

అతని భార్య ముసుగు సర్దుకుని అంది. "బుఖార్‌ల ఏందేందో అంటుండు. మాఫ్ జెయ్యుండ్రి."

ఫరవాలేదమ్మా అన్నాను. ఆమె నన్ను క్షమించమంటే నేను క్షమించాను!

నవంబర్ 30

ఖాసిం పోయాడు.

గోడకు అవతల ఏడుస్తున్నారు. ఒకటే గోడ, ప్రతి ముక్కా వినిపిస్తోంది. మా నాన్నకు మా అమ్మ ఏడ్చినట్టే ఉంది.

డాక్టరు రిజిస్టరు తిరగేశాడు. ఈ వరసలో ఒక్క ఎలుకా పడలేదే, ఇతనికి ఎలా అంటుకుంది, వింతగా ఉందే అన్నాడు. వింతే అన్నాను. రేపు మీరూ ఖాళీ చేయాలి అని చెప్పి పోయాడు.

ఆ రోజే చెప్పి ఉంటే ఖాసిం ఇల్లు ఆ సాయంత్రమే ఖాళీ అయ్యేది. రెండో నియమం. నేనే రాశాను.

డిసెంబర్ 1

కమల ఒళ్లు కాలిపోతోంది. గజ్జల్లో నొప్పి అంటోంది. పిల్లాడికి పాలివ్వొద్దని డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం ప్లేగు దవాఖానా బండి వస్తుంది, పిల్లాణ్ని ఎక్కించుకోరు. పొద్దుటి నుంచి పంచదార నీళ్లు. కక్కేస్తున్నాడు.

పది గంటలకు ఎల్లమ్మ వచ్చింది. మలక్‌పేట నుంచి, నడిచి. గుడిసెల్లో ఎవరో చెప్పారట.

నా కాళ్లకు దండం పెట్టింది. "మీరు ముందుగాల పంపకపోతే మేం గూడ ఖాసిం అన్న లెక్క పోయేటోళ్లం. మీ చలువతోటే బతికినం అయ్యా." ఇంకా ఏదో అంది, వినలేకపోయాను. నోరు తెరిచాను కూడా. చెప్పేద్దామనే.

"పోరన్ని నాకియ్యుండ్రి. నా బిడ్డకు పాలు మస్తున్నయ్, ఇద్దరికీ సరిపోతయ్. గుడిసెల కాడ జవాను చిట్టీ అడుగుతుండు, రాసియ్యుండ్రి."

ఆ చిట్టీలో ఒకటే ప్రశ్న: ఇంట్లో ఎలుక పడిందా? పడిందంటే బట్టలు ఉడకబెట్టాలి, బిడ్డను పది రోజులు విడిగా ఉంచాలి, ఎవరూ ఎత్తుకోకూడదు, పాలివ్వకూడదు. పది రోజులు వీడు ఆగడు. పది గంటలు ఆగితే గొప్ప.

రాశాను. ఈ ఇంట ఎలుక పడలేదు. కింద సంతకం, కార్యదర్శి.

ఆమెకు చదువు రాదు. చిట్టీని కళ్లకద్దుకుని రొంటిన దోపుకుంది. పిల్లాణ్ని ఖాసిం బొంతలోనే చుట్టి ఎత్తుకుంది. ఇన్నాళ్లూ ఆ బొంత పరిచింది బియ్యం కాగు పక్కనే. విప్పమంటే ఎందుకంటుంది. ఉడకబెట్టమంటే, ఎలుక పడని ఇంటి బట్టను ఎందుకు ఉడకబెట్టాలి అంటుంది. పోయి ఆ బొంతను తన మనవడి పక్కనే పరుస్తుంది.

కమల నీళ్లడుగుతోంది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను, కలం చేతిలోనే ఉంది. ఎల్లమ్మ వీధి మొదట్లో, మొన్న నేను ఈల ఊదిన చోట ఆగింది. పిల్లాడు ఏడుస్తున్నట్టున్నాడు. చలికని బొంతను ఇంకాస్త దగ్గరికి లాగి చుడుతోంది.

ఇంకా మలుపు తిరగలేదు. పిలిస్తే వినబడుతుంది.