టేపు ఇంట్లో పెట్టి వెళ్ళండి

ల్యాప్‌టాప్ ఆన్ చెయ్యకండి. సూదితో ఇంకోసారి కెలక్కండి. మీ కుట్టు షాపు తెరవకముందే దాన్ని రిపేరు అతని దగ్గరికి తీసుకెళ్ళి, మెమరీ కార్డు సందులోంచి జారి లోపల పడిందని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా ఆవిడ చేసిందని చెప్పారో, ఊరుకోను.

ఈసారి కార్డు కొనడానికి వెళ్ళేటప్పుడు టేపు ఇంట్లో పెట్టి వెళ్ళండి. మన ల్యాప్‌టాప్ పాతది, దానికి పెద్ద సైజు కార్డే పడుతుంది, అదీ ముప్పై రెండు జీబీ దాటితే చదవదు. ఈ రెండు ముక్కలూ కాగితం మీద రాసి మీ జేబులో పెట్టాను. మీరు దాని వెనకాల ఎవరిదో నడుము కొలత రాసుకుని, ఫోనులో వేసే గోరంత కార్డు పట్టుకొచ్చారు. ఇదేంటంటే, "కాస్త వదులుగా ఉంటే మంచిదేగా" అన్నారు. అది ప్యాంటు కాదండీ.

ఇవాళ ఇంటర్వ్యూలో చూపించాల్సిన నా బొమ్మలన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. చోటు చాలట్లేదని ఒక్క కార్డు అడిగిన పాపానికి ఇప్పుడు చేతులూపుకుంటూ పోతున్నా. మూడేళ్ళకి వచ్చిన పిలుపు ఇది. సారీ అని మెసేజ్ పెట్టకండి, చదవను.

ఇంకోటి. మీరు కుట్టిన కొత్త కోటే వేసుకెళ్తున్నా, పాతదానికి ఇస్త్రీ లేదు కాబట్టి. నా కొలతలు తీసుకోకుండానే కుట్టారు. ఎక్కడా ఒక్క నూలు వదులు లేదు, బిగుతూ లేదు. నా ఒళ్ళు మండేది అందుకే.