కువైట్‌ను విడిపించిన అధ్యక్షుడు

ఖఫ్జీ (కువైట్ సరిహద్దు దగ్గరి సౌదీ ఊరు), శుక్రవారం రాత్రి.

మాకు పనిచ్చిన కఫీల్ ఇంట్లో మధ్యాహ్నం భోజనాలప్పుడు, కువైట్‌ను విడిపించిన అమెరికా అధ్యక్షుడి జీవితం టీవీలో చూపించారు. ఇరవై ఏళ్ల వయసులో పైలట్‌గా ఉన్నప్పుడు ఆయన విమానం కూలి సముద్రంలో పడితే, వాళ్ల నౌకాదళం వచ్చి కాపాడిందట.

"ఇరాక్ సైన్యం పట్టుకున్న మన ఊరు, ఆయన లేకపోతే మనకు దక్కేది కాదు," అన్నాడు కఫీల్.

కఫీల్ మెప్పు కోసం నేనూ "చాలా గొప్ప మనిషి" అన్నాను. ఆరేళ్లుగా నాతో పనిచేస్తున్న ఇరాకీ ఎలక్ట్రీషియన్ అబూ సలీం పక్కనే ఉన్నాడన్న ధ్యాస లేకపోయింది.

కారెక్కాక అబూ సలీం మెల్లగా చెప్పాడు. "మా తమ్ముడికీ అప్పుడు ఇరవై ఏళ్లే. బలవంతంగా సైన్యంలోకి లాక్కెళ్లారు. కువైట్ నుంచి వెనక్కి వస్తుంటే దారిలో ఆ అధ్యక్షుడి విమానాలు బాంబులేశాయి. వాణ్ణి కాపాడటానికి ఎవరూ రాలేదు."

ఆ తమ్ముడి పేరైనా అడగాల్సింది.