చిటికె గొంతు నాది

మేడ్చల్ పాత బస్టాండు వెనక వీధిలో సొంత ఇంట్లో ఉంటున్న గుండ్ల శోభారాణిని, కీర్తిశేషులు మల్లయ్య కూతురిని, అవివాహితను, అరవై ఏడేళ్ల దానిని, ఈ వీలునామా రాయిస్తున్నాను. నా మతి స్థిమితంగా ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బుజ్జగించలేదు. కోపంగా ఉన్న మాట మాత్రం నిజం. కోపం ఉన్నంత మాత్రాన వీలునామా చెల్లకుండా పోదని మా వకీలు చెప్పింది కాబట్టి ఆ సంగతి కూడా దాచకుండా రాయిస్తున్నాను.

నా ఒంట్లో చెడినది గొంతు ఒక్కటే. వచ్చే మంగళవారం డాక్టర్లు నా స్వరపేటిక తీసేస్తారు. తర్వాత బతుకుతానట, మాట్లాడలేనట. మాట ఉండగానే చెప్పాల్సినవి ఉన్నాయి. ఈ పత్రం అందుకే.

1. కార్యనిర్వాహకురాలు. షామీర్‌పేటలో ఉండే వకీలు జబీన్‌ను ఈ వీలునామా అమలు చేసే వ్యక్తిగా నియమిస్తున్నాను. ఈమె నాతో పదమూడేళ్లు ఒకే మైకు ముందు నిలబడిన కీర్తిశేషులు అల్లావుద్దీన్ కూతురు. చిన్నప్పుడు రికార్డింగు జరుగుతుంటే దగ్గు వస్తే రెండు చేతులతో నోరు మూసుకుని బయటికి పరుగెత్తేది. అంత బుద్ధి ఆ స్టూడియోలో పెద్దవాళ్లకు కూడా లేదు. నా పుస్తకాల బీరువా, అందులోని పుస్తకాలన్నీ ఆమెకే చెందాలి.

2. నా గొంతు. ఇది రాయమన్నప్పుడు జబీన్ కలం ఆపింది. "ఆంటీ, గొంతును ఆస్తి లెక్క రాయొచ్చా లేదా అన్నది నాకే డౌటున్నది" అన్నది. "నువ్వు రాయి బిడ్డా, చెల్తదో చెల్లదో కోర్టోళ్లు తేల్చుకుంటరు" అన్నాను. కనుక రాయిస్తున్నది ఏమనగా:

1998 నుంచి పదమూడేళ్ల పాటు టీవీలో పిల్లల బొమ్మల కార్యక్రమంలో చిటికె అనే ఉడుత, గంభీరం అనే గాడిద మాట్లాడేవి. బొమ్మలు ఏదో దేశం నుంచి వచ్చినవి. అక్కడ వాటికి మాటలు లేవు, కీచుకీచులూ బాజాలూ తప్ప. ఉడుతకు చిటికె అని పేరు పెట్టింది నేను. మాట్లాడింది నేను. గాడిదకు గొంతు ఇచ్చింది అల్లావుద్దీన్. అప్పటికి నేను మేడ్చల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటర్‌ను. ఆయన జీపులో మైకు పట్టుకుని ఊరూరా సినిమా ప్రచారం చేసేవాడు.

మొదటి రోజే డైరెక్టరు ఒక గీత గీశాడు. ఉడుత మంచిది కాబట్టి శుభ్రమైన తెలుగు మాట్లాడాలట. గాడిద నవ్వించాలి కాబట్టి మా మేడ్చల్, షామీర్‌పేట మాట మాట్లాడాలట. నేను పదమూడేళ్లు నా నాలుకను దాచుకుని బతికాను. అల్లావుద్దీన్ తన నాలుకను నవ్వులపాలు చేయడానికి ఒప్పుకోలేదు. ఆ గాడిదకు ఆయన ఎంత నిదానం, ఎంత తెలివి ఇచ్చాడంటే, కథలో ఏ ఆపద వచ్చినా పిల్లలు దాని కోసమే ఎదురుచూసేవారు. "ఏంది చిటికే, గంత పరేషాన్ ఎందుకు? కూసో. జెర్ర సల్ల తాగు. ఆలోచన జేద్దాం." ఈ మాట కాగితం మీద లేదు. ఆయనే అన్నాడు. డైరెక్టరు తీసేయబోతే సౌండు రికార్డిస్టు లక్ష్మణ్ తీయనివ్వలేదు.

కార్యక్రమం చివర వ్యాను నడిపిన అతని పేరు పడేది. మా పేర్లు పడేవి కావు. ఎందుకని అడిగితే డైరెక్టరు, "ఉడుతకు గొంతు కావాలి గానీ, గొంతుకు పేరెందుకమ్మా?" అన్నాడు. ఆ మాటకు నేను ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. అందుకు ఈ రోజుకీ నా మీద నాకే కోపం.

ఇప్పుడు అసలు విషయం. పోయిన జూన్‌లో సూరారంలో డాక్టరుకు గొంతు చూపించుకుని వస్తూ గండిమైసమ్మ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాను. లౌడుస్పీకరు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. అందులోంచి నా గొంతు వినిపించింది. "పిల్లలూ, నేను చిటికెను! నాన్నగారికి చెప్పి షామీర్‌పేట పక్కన ఒక ప్లాటు కొనిపించండి!" వెంటనే అల్లావుద్దీన్ గొంతు: "ఏంది ఆలోచన జేస్తున్నవ్? జల్దీ బుక్ జెయ్యి!" అల్లావుద్దీన్ చనిపోయి ఆరేళ్లయింది. నేను ఆ మాటలు ఏ రోజూ ఏ మైకు ముందూ అనలేదు. పదమూడేళ్లలో చిటికె ఏ పిల్లవాడినీ ఏదీ కొనమని అడగలేదు. నా పక్కన నిలబడ్డ కాలేజీ అమ్మాయి "హే, చిటికె!" అని మురిసిపోయింది. అది నేనే తల్లీ అని చెప్పబోయాను. ఆమె అప్పటికే బస్సెక్కేసింది.

విచారిస్తే తెలిసింది. మా పాత స్టూడియోను కొన్న కంపెనీ మా క్యాసెట్లు కంప్యూటరుకు తినిపించి, ఏ మాట కావాలంటే ఆ మాట మా గొంతుతో పలికిస్తోంది. స్టూడియోలో క్యాసెట్లు ఎప్పుడో పాడైపోయాయి. మిగిలినవి నా మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్నవే. వాటిని తీసుకెళ్లి ఇచ్చినవాడు సందీప్, నా తమ్ముడి కొడుకు. తను ప్లాట్లు అమ్మే వెంచరుకు ప్రకటన చేసి పెడతామన్నారట.

జబీనూ నేనూ కండ్లకోయలో ఉన్న ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లాం. ఆదిత్య అనే మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. "మేడమ్, అది మీ గొంతు కాదు, చిటికె గొంతు. చిటికె మా ప్రాపర్టీ" అన్నాడు. చిటికె నేనేనని అన్నాను. అయితే మాట్లాడండి, కంప్యూటరే చెబుతుంది అని మైకు ముందు పెట్టాడు. గొంతులో గడ్డ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, చిటికెలా నాలుగు మాటలు మాట్లాడాను. అతను తెర చూసి, "నలభై ఒక్క శాతమే కలుస్తోంది మేడమ్. మా సిస్టమ్ వాయిస్ అయితే తొంభై ఏడు" అన్నాడు. నాకంటే ఆ యంత్రమే ఎక్కువ నేనట! జబీన్ బల్ల మీద చేత్తో కొట్టి లేచింది. నేను కూర్చునే ఉన్నాను.

జబీన్ నోటీసు పంపాక ఆటోల్లో ప్రకటన ఆగింది. కంప్యూటరులో మా గొంతులు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ గొంతు నాదేనని నేనే రుజువు చేయాలని కంపెనీ జవాబు రాసింది. అప్పుడు లక్ష్మణ్ పాత స్క్రిప్టు కాగితాలు ఒక సంచి నిండా తెచ్చి ఇచ్చాడు. ప్రతి కాగితం మీదా పెన్సిలుతో తేదీ, పక్కన 'చిటికె - శోభ, గంభీరం - అల్లావుద్దీన్' అని ఉంది. తెర మీద పడని మా పేర్లు ఆయన పదమూడేళ్లు రాసి పెట్టాడు. అవి ఇప్పుడు కోర్టులో ఉన్నాయి. కేసు నడుస్తోంది.

కాబట్టి ఇందుమూలంగా శాసిస్తున్నాను: నేను బతికుండగా గానీ, నా తదనంతరం గానీ, నేను అనని ఏ మాటనూ నా గొంతుతో పలికించే హక్కు ఏ కంపెనీకీ, ఏ చుట్టానికీ, ఎంత మంచి పనికైనా సరే, లేదు. నేను అన్న మాటలు పిల్లలు ఎన్నిసార్లైనా వినవచ్చు. కేసు నడిపే అధికారం జబీన్‌కు ఇస్తున్నాను. ఓడిపోయినా పై కోర్టుకు వెళ్లాలి.

3. షహజాది బేగానికి. ఈమె అల్లావుద్దీన్ భార్య, జబీన్ తల్లి. ఆ ఆటో షామీర్‌పేటలో వాళ్ల గల్లీలోకి కూడా వెళ్లింది. ఈమె చెప్పులు లేకుండా బయటికి వచ్చి గల్లీ చివరి వరకు దాని వెనక నడిచిందట. వారం తర్వాత నా దగ్గరికి వచ్చి, "శోభక్కా, గా మిషిన్ తోని ఒక్కపారి నా పేరు పిలిపియ్యరాదు?" అని అడిగింది. నేను కసిరాను. "అది ఆయన గాదు బేగం!" అన్నాను. "నాకెర్కనే అక్కా. అయినా" అన్నది. ఆమె వెళ్లాక నాకు అన్నం సయించలేదు. నా కోపమంతా న్యాయమైనదే, కానీ ఆమె మీద చూపించాల్సింది కాదు.

ఆ సంగతి చెబితే లక్ష్మణ్ ఇల్లంతా వెతికి ఒక క్యాసెట్ తెచ్చాడు. టేకుకూ టేకుకూ మధ్య మేం మాట్లాడుకున్నవి, చెరిపేయాల్సినవి, చెరపకుండా ఉంచాడు. అందులో అల్లావుద్దీన్ అంటాడు: "జల్దీ కానియ్యుండ్రి సార్. పొద్దుగాల షహజాది లేసి నాకోసం ఖీమా జేసింది. డబ్బా సల్లగైతే మొహం జూపియ్యలేను." ఆ క్యాసెట్టూ, అది వినిపించే నా టేప్ రికార్డరూ షహజాది బేగానివి. నేను పోయేదాకా ఆగలేదు, నిన్ననే ఇచ్చేశాను. రేపెవరూ అడ్డం రాకుండా ఇక్కడ రాయిస్తున్నాను.

4. సందీప్‌కు. ఖాళీ అయిన ఆ ట్రంకు పెట్టె ఇస్తున్నాను. వేరే ఏ ఆస్తీ ఇవ్వడం లేదు. మరిచిపోయి కాదు, తెలిసే.

ఎందుకో అతనికి అర్థం కావాలి. అడిగినప్పుడు, "అత్తా, గవి బూజు బట్టి ఖరాబైతుండె. నీ గొంతు ఊరంతా ఇనవడ్తాంది గద, ఖుష్ గావాలె నువ్వు" అన్నాడు. సందీప్, నీకు ఆరేళ్లప్పుడు మీ అమ్మ చనిపోయింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు నువ్వు. మూడో రోజు నేను తలుపు వెనక కూర్చుని, సన్న గొంతుతో, ఆకలి వేస్తున్న ఉడుతలా మాట్లాడాను. "నువ్వొక ముద్ద తింటే నాకొక ముద్ద దొరుకుతుంది" అన్నాను. తిన్నావు. ఆ గొంతును స్టూడియో ఇవ్వలేదు. నాలుగేళ్ల తర్వాత స్టూడియోలో ఎలా మాట్లాడాలో తెలియక నిలబడినప్పుడు ఆ గొంతే గుర్తొచ్చి అందుకున్నాను. చిటికె పుట్టింది నీ కోసం. నువ్వు దాన్ని ప్లాట్ల ఆటో ఎక్కించావు. కోర్టులో కంపెనీ మీద కోపం. నీ మీద ఉన్నది ఏ కోర్టూ వినేది కాదు.

5. ఇల్లు. దీనికి జతచేసిన షెడ్యూలులో చూపిన, నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, ఖాళీ జాగాతో సహా, సందీప్ కూతురు ఇషితకు, ఇప్పుడు తొమ్మిదేళ్లు, సర్వహక్కులతో చెందాలి. ఆమె మేజరు అయ్యేవరకు ఆమె తల్లి తృప్తి సంరక్షకురాలిగా ఉండాలి. సందీప్‌కు అమ్మే హక్కు గానీ, తాకట్టు పెట్టే హక్కు గానీ, అందులో తన వెంచరు బోర్డు నిలబెట్టే హక్కు గానీ లేవు. ఇషిత ఫోనులో ఆ ప్రకటన విని, "గిది నానమ్మ గొంతు గాదు. నానమ్మ మధ్యల ఊపిరి తీసుకుంటది" అన్నదట. తృప్తి చెప్పింది. నేను నిజానికి ఆమెకు నానమ్మను కాను, ఆమె అలా పిలుస్తుంది. ఇల్లు ఆమెకు ఇవ్వడానికి నాకు ఇంతకంటే కారణం అక్కర్లేదు.

6. పక్కింటి సత్యమ్మకు నా ఇత్తడి మరచెంబు. ఏడు నెలలుగా వేడినీళ్లు అడగకుండానే తెచ్చిస్తోంది. నా కుట్టుమిషను కూడా ఆమెదే, వద్దన్నా తీసుకోవాలి.

7. నా అంత్యక్రియల్లో మైకు పెట్టకూడదు. నా గొంతుతో ఏ రికార్డూ వేయకూడదు. ఏడ్చేవాళ్లు తమ సొంత గొంతుతో ఏడవాలి. సందీప్ వస్తే రానివ్వండి. తల కొరివి అతనే పెట్టాలి. అది హక్కుగా ఇవ్వడం లేదు, పనిగా చెబుతున్నాను.

పైన రాసినదంతా జబీన్ కంప్యూటరులో కొట్టి తెచ్చాక, ఈ రోజు మధ్యాహ్నం నా ఇంటి ముందు గదిలో, మొదటి మాట నుంచి ఇక్కడి వరకు, సాక్షుల ఎదుట నేనే చదివి వినిపించాను. చదివేముందు అందరి ఫోన్లూ స్విచ్చాఫ్ చేయించి, ఒక స్టీలు బేసిన్‌లో వేయించి, సత్యమ్మ ఇంట్లో పెట్టించాను. కనుక ఈ చదువు ఏ యంత్రంలోనూ లేదు. ఇన్నాళ్లూ దాచిన నా భాషను ఇక దాచుకోకుండా, నడుమ నడుమ మా ఊరి మాటలోనే చదివాను. నాలుగో అంశం దగ్గర గొంతు మూడుసార్లు పగిలింది. లక్ష్మణ్ పాత అలవాటు కొద్దీ, ఇంకోసారి తీసుకుందామన్నట్టు చెయ్యెత్తాడు. అంతలోనే దించేశాడు. నేను మళ్లీ చదవలేదు. పగిలినదే ఉంచమన్నాను. ఈ చివరి పేరా ఆ తర్వాత జబీన్ చేత్తో రాసింది. ఇది కూడా చదివే సంతకం పెడుతున్నాను.

మేడ్చల్, 2025 నవంబరు 16, ఆదివారం.

(సంతకం) గుండ్ల శోభారాణి
చిటికె గొంతు

మా ఎదుట చదివి, మా ఎదుట సంతకం చేశారు. ఆమె కళ్లెదుటే మేమూ సంతకం చేశాం. ఈ వీలునామాలో మాకు ఏ వాటా లేదు.

సాక్షి 1: లక్ష్మణ్, రిటైర్డు సౌండు రికార్డిస్టు, సూరారం
సాక్షి 2: జయమ్మ, రిటైర్డు అంగన్‌వాడీ టీచరు, మేడ్చల్