అక్క గొంతున్న ఒక్క ఫైలు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాన్న చేపల వేటకి వెళ్ళే ముందు సముద్రం మీద గాలి ఎలా ఉందో నెట్‌లో చూసి చెప్పడానికి నువ్వు రాసిన ప్రోగ్రామ్ ఇన్నాళ్ళూ నీ లాప్‌టాప్‌లోనే నడిచింది. ఆ లాప్‌టాప్ మొరాయిస్తోందని నిన్న నీ ప్రోగ్రామూ, దాన్ని నడిపే పైథాన్ సాఫ్ట్‌వేరూ, నువ్వు రికార్డు చేసిన మాటలూ కలిపి ఒకే ఫైలుగా కట్టాను.

పొద్దున్న దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, నాన్నతో రేవు దగ్గర ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి కంప్యూటర్లో ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యలేదు. ఫైలు నొక్కగానే నీ గొంతు పలికింది.

"నాన్నా, గాలి ఎక్కువగా ఉంది. ఇవాళ వెళ్ళకు."

అంత చిన్న ఫైల్లో ఎలా పట్టావక్కా?

"ఎవరండీ ఆ అమ్మాయి?" అన్నారు గుమాస్తా గారు.

"మా పెద్దమ్మాయండి," అన్నాడు నాన్న. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, "అలాగేనమ్మా, వెళ్ళనులే," అన్నాడు.